ఉన్ని పట్టా తాగిన డీజిల్

జల్లెడ తిరిగివ్వడానికి వచ్చిన జిపార్ గుమ్మంలోనే నిలబడి, చెప్పనా వద్దా అన్నట్టు దాన్ని రెండుసార్లు అటూ ఇటూ తిప్పి, చివరికి ఆగలేక చెప్పేసింది. బురుల్‌చా మా ఆయన గురించి అన్నదట: "తెమిర్‌కుల్ డీజిలు ట్రాక్టరుకి పోస్తున్నాడా, చైనా పోయే లారీలకి పోస్తున్నాడా? ఇదివరకు డబ్బా నింపితే ఆరు ట్రిప్పులు గడ్డి దిగేది. ఇప్పుడు ఎవరి డబ్బా అయినా నాలుగు ట్రిప్పులకే ఖాళీ. నిజంగా ఆ ట్రాక్టరే తాగుంటే ఈపాటికి పొట్ట ఉబ్బి ఈనేది." ఈ మాట పాలు పోసేచోట అన్నదట. అక్కడ పదిమంది పైన ఆడవాళ్ళున్నారట. ఒక్కతీ కాదనలేదట.

"నేనైతే నమ్మలేదక్కా," అంది జిపార్.

నమ్మని మనిషి ఒక జల్లెడ కోసం ఊరు ఆ చివర్నుంచి ఈ చివరికి రాదు. అయినా కూర్చోబెట్టి టీ పోశాను. రెండో గిన్నె తాగాక అసలు సంగతి బయటపడింది. శుక్రవారం నమాజు అయ్యాక ట్రాక్టరులో వాటా ఉన్న ఐదిళ్ళవాళ్ళూ, అందరిలోకీ పెద్దవాడైన కల్మత్ తాత దగ్గర కూర్చుంటారట. మా ఆయన దగ్గర తాళంచెవి తీసుకుని బురుల్‌చా తమ్ముడి చేతికిస్తారట.

"వాడికి గొర్రెని తోలడమే రాదు," అన్నాను.

"అదే నేనూ అన్నాను," అంది జిపార్. అని ఉండదు.

ఆ ట్రాక్టరు మా ఒక్కరిదీ కాదు. ఉమ్మడి వ్యవసాయం ఎత్తేసిన సంవత్సరం గొర్రెల్ని పంచారు, గుర్రాల్ని పంచారు, కొట్టాల పైకప్పు రేకులు కూడా ఊడదీసి పంచుకున్నారు. ట్రాక్టరుని కోసి పంచలేరు కాబట్టి ఐదిళ్ళకి కలిపి ఒకటిచ్చారు. అప్పటికే అది ముసలిది. నీలం రంగు వెలిసి, నానబెట్టి ఆరేసిన పాత చొక్కాలా తయారైంది. ఉమ్మడి రోజుల్లో దాన్ని తోలింది మా ఆయనే. అందుకని తాళంచెవి ఆయన దగ్గరే ఉండిపోయింది. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు డీజిలు పోసుకోవాలి, ఆయన తోలాలి. ముప్పైయేళ్ళుగా ఇదే పద్ధతి. దొంగ అన్న మాట మా గుమ్మం ఎక్కడం ఇదే మొదలు.

ఆ సాయంత్రం రొట్టె తుంచి ముందు పెట్టి, విన్నావా అని అడిగాను.

"విన్నాను."

"విని ఊరుకున్నావా?"

"నా మొహం మీద ఎవరూ అనలేదు. అడిగితే తాళంచెవి ఇస్తాను. అడగని దానికి జవాబు చెప్పను."

"జవాబు చెప్పకపోతే తప్పు ఒప్పుకున్నట్టే అంటారు."

"అననీ."

మా ఆయన మాటలు అంతే. నాలుగు మాటలు ఆడితే ఐదోదానికి ఆయాసం. పెళ్ళైన కొత్తలో ఆ మౌనం చూసి పెద్దమనిషి అనుకున్నాను. ఆ సాయంత్రం మాత్రం నాకు వేరే అనుమానం తగిలింది. చెప్పడానికి సిగ్గే, అయినా చెప్తాను. నిజంగానే అమ్ముతున్నాడేమో అనిపించింది. బురుల్‌చా లెక్క తప్పు కాదు. కల్మత్ తాత గడ్డి తోలినప్పుడూ అంతే, జిపార్ వాళ్ళ గడ్డి తోలినప్పుడూ అంతే. ఆరు రావలసినచోట నాలుగు. డీజిలు కారి ఉంటే నేల తడవాలి కదా? ట్రాక్టరు పొద్దుగూకితే మా వాకిట్లోనే ఉంటుంది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి, పొద్దున దొర్లించి స్టార్టు చేయడానికి వీలుగా వాకిలి పల్లంలో మూతి కిందికి పెట్టి నిలుపుతాడు. ఆ కింద నేల పొడిగా, కోళ్ళు మట్టిస్నానం చేసేంత పొడిగా ఉంటుంది. కారనిది, తాగనిది మరి ఎటు పోతోంది?

మర్నాడు చీకటి పడకముందే, ఆయన గొర్రెల్ని లోపలికి తోలుతుండగా, ఒక పొడవాటి విల్లో చెట్టు పుల్ల విరిచి తొక్క ఒలిచాను. ట్యాంకు మూత తీసి అడుగుదాకా దింపి, తడి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ కూరగాయల కత్తితో ఒక గంటు పెట్టాను. తెల్లారి పాలు పితకడానికి లేచి ముందు ట్యాంకు దగ్గరికే పోయాను. పుల్ల మళ్ళీ దింపాను. తడి సరిగ్గా గంటు దగ్గరే ఉంది. మరుసటి సాయంత్రం ఇంకో గంటు, పొద్దున మళ్ళీ అంతే.

రాత్రిపూట అమ్మడం లేదు. సంతోషించాలి. కానీ రాత్రి పోకపోతే పగలు పోతోందన్నమాటే కదా. పగలు ఆయన ఒక్కడే కొండ ఎక్కుతాడు, రోడ్డు దాటే ఎక్కాలి, లారీలవాళ్ళు టీ కాచుకునేది అక్కడే. నా పుల్ల నా మొగుణ్ణి సగమే విడిపించింది. దాన్ని పిడకల గుట్ట వెనక దాచి, గురువారం నేను కూడా గడ్డికి వస్తానన్నాను.

"ఎందుకు?" అన్నాడు.

"బురుల్‌చా అక్క వంతు కదా. ట్రాలీ మీద తొక్కడానికి మనుషులు చాలరు."

ఆయన నా వంక ఒక్క క్షణం ఎక్కువ చూశాడు. సరేనన్నాడు.

గురువారం కనుమల మీద అప్పుడే తెల్లగా మంచు పడింది. ఇంకో మూడునాలుగు రోజుల్లో కిందికీ దిగుతుంది. బురుల్‌చా గడ్డి, ఆ తర్వాత మా గడ్డి, ఈ రెండే ఇంకా కొండమీద మిగిలాయి. మాది ఆఖరి వంతు. శుక్రవారం తాళంచెవి చేయి మారితే మా గడ్డి గతి ఏమిటో నాకు తెలుసు, మంచు కింద నల్లగా మగ్గి పోవడమే.

బురుల్‌చా మనిషి ఎత్తు, గొంతు అంతకంటే ఎత్తు. మా ఆయనకి పెదనాన్న కొడుకు భార్య, వరసకి వదిన. ఆమె ట్రాలీలో నా పక్కనే ఎక్కి కూర్చుని, ముందు తోలుతున్న ఆయనకి వినబడేలా నాతో అంది: "ఏం అసిల్‌కాన్, మొగుడికి కాపలా వచ్చావా?"

"నీ గడ్డికి కాపలా వచ్చానక్కా. నువ్వు తొక్కితే వామి కాస్తా చాప అవుతుందని."

ఆమె పడిపడి నవ్వింది. తిట్టినా నవ్వే మనిషి, నవ్వుతూనే తిట్టే మనిషి. అందుకే ఆమె మాట ఊళ్ళో అంత దూరం పోతుంది.

రోడ్డు దాటాం. లారీలు రెండు ఆగి ఉన్నాయి. డ్రైవర్లు పొయ్యి రాజేసుకుంటున్నారు. ఒకడు చెయ్యెత్తి పలకరించాడు. మా ఆయన తలూపి ముందుకు పోయాడు, ఆపలేదు. బురుల్‌చా నా మొహం చూసింది. నేను కొండ చూశాను.

పొద్దుటంతా అలాగే గడిచింది. ఆయన దారిలో ఎక్కడా ఆగలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. కొండవాలున మూతి పైకి పెట్టి, చక్రాల కింద రాళ్ళు పెట్టి నిలిపేవాడు. మేం గడ్డి నింపి తొక్కేవాళ్ళం. దిగేవాళ్ళం, దించేవాళ్ళం, మళ్ళీ ఎక్కేవాళ్ళం. నాలుగో ట్రిప్పు దించేసరికి ఇంజను దగ్గింది. డబ్బా డీజిలు అయిపోయింది.

"చూశావుగా," అంది బురుల్‌చా నడుము మీద చేతులు పెట్టి. "ఈసారి నా కళ్ళముందే."

"నా కళ్ళముందు కూడా," అన్నాను. "ఎవరికి అమ్మాడో చెప్పు మరి."

ఆమె విసురుగా కొట్టంవైపు పోయింది. అక్కడ ఆమె ఎర్రావు కట్టేసి ఉంది. కాలి గిట్ట వాచి మందతో పోలేక వారంగా ఇంట్లోనే ఉంది. ఊళ్ళో మిగతా పశువులన్నీ ఇంకా బయటే మేస్తున్నాయి, కొత్త గడ్డి రుచి చూడడానికి ఈ ఒక్క నోరే ఉంది. బురుల్‌చా అప్పుడే దించిన గడ్డి రెండు చేతులా ఎత్తుకెళ్ళి దాని ముందు వేసింది.

ఆవు వాసన చూసింది. ముక్కులు ఎగరేసి బుస్సుమంది. ముసలమ్మ ముందు మాడిన అన్నం పెట్టినట్టు మొహం అటు తిప్పుకుంది.

"అయ్యో, నా తల్లి! దిష్టి తగిలింది," అని గొంతెత్తింది బురుల్‌చా. "గిట్ట వాచింది, ఇప్పుడు మేత మానింది. ఈ ట్రాక్టరు అడుగుపెట్టినప్పటి నుంచీ ఇంతే."

లోపలికి పరిగెత్తి చిట్టిమూకుడులో నిప్పులు వేసుకుని, వాటిమీద ఆర్చా అనే కొండచెట్టు రెమ్మలు పడేసి పొగ లేపుకుంటూ వచ్చింది. దిష్టికి మా వాళ్ళు చేసేది అదే. పసిపిల్లలకైనా, గుర్రానికైనా, కొత్త కోడలికైనా ఆర్చా పొగ మూడు చుట్లు తిప్పాల్సిందే. ఆవు చుట్టూ మూడుసార్లు తిప్పింది. వామి వైపు తిరిగింది. ఇక గడ్డి చుట్టూ, ఆ తర్వాత ట్రాక్టరు చుట్టూ.

నేను ఆవు వదిలేసిన గడ్డి చేతికి తీసుకున్నాను. ఆవుకి తెలిసింది నాకెందుకు తెలియదు అని. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మా ఆయన కోటు వాసన వచ్చింది.

"అక్కా, ఆగు!"

ఆగలేదు. మూకుడు వామికి బారెడు దూరంలో ఉంది, గాలికి నిప్పులు ఎర్రగా కనబడుతున్నాయి. పక్కన దూడకని పెట్టిన చల్ల బకెట్టు ఉంటే ఎత్తి మూకుడు మీద, చేతిమీద, ఆమె కొత్త గౌను మీద గుమ్మరించేశాను.

బురుల్‌చా బొమ్మలా నిలబడిపోయింది. గడ్డం నుంచి చల్ల కారుతోంది. "తెల్లదాన్ని నేలపాలు చేశావ్!" అంది. పాలూ చల్లా కాలికింద పోయడం మాలో ఎంత తప్పో నాకు తెలుసు. "నీకేం పిచ్చి పట్టిందే!"

"గడ్డి నిండా డీజిలుంది."

అరుపులకి మా ఆయన ట్రాక్టరు దిగి వచ్చాడు. గడ్డి వాసన చూశాడు. "ఏం వాసన లేదే," అన్నాడు. నలభై ఏళ్ళు డీజిల్లో మునిగిన ముక్కు అది. ఆయనకి గాలి వాసనా అదే, అన్నం వాసనా అదే. అప్పుడు నేను వామి దగ్గర వంగి చేతులతో తిరగేసుకుంటూ పోయాను. వెనకవైపు గడ్డి మంచి వాసన వేస్తోంది. ట్రాలీ ముందు భాగంలోంచి దిగిన గడ్డే చెడింది. ట్రాలీ ముందు పలక తడిమాను, చేతికి జిడ్డు. ట్రాక్టరుకీ ట్రాలీకీ మధ్య ఇనుప దండె మీద తడిచిన మట్టి పేరుకుని ఉంది. దండెకి నేరుగా పైన ట్యాంకు. ట్యాంకు కింద, ఇనుప పట్టీకీ ట్యాంకుకీ మధ్య, ఉన్ని తొక్కి చేసిన దళసరి పట్టా ముక్క.

దాన్ని వేలితో నొక్కాను. పెరుగు మూట పిండినట్టు డీజిలు ధారగా దిగింది.

మా ఆయన పట్టీ మరలు విప్పి ఆ ముక్కని బయటికి లాగాడు. నల్లబడి, బరువెక్కి, చచ్చిన పిల్లిలా వేలాడింది. దాని అంచున పొట్టేలు కొమ్ముల కుట్టు ఇంకా కనిపిస్తూనే ఉంది. ఆ కుట్టు ఎవరి చేతిదో ఊళ్ళో పసిపిల్లకి కూడా తెలుసు. కొమ్ము చివర ఎప్పుడూ ఒక ముడి ఎక్కువేసేది ఒక్క బురుల్‌చాయే.

ఈ వసంతంలో ట్యాంకు పట్టీ వదులై గడగడలాడుతుంటే ఆమే తెచ్చింది దాన్ని. "ఇనుముకి ఇనుము తగిలితే ఆయుస్సు తగ్గుద్ది, మెత్తగా పెట్టు మరిదీ," అని తన చేత్తోనే దూర్చింది. మేం అన్నిటికిందా ఉన్నే పరుస్తాం. మనిషి కింద, జీను కింద, పుట్టిన గొర్రెపిల్ల కింద. ట్యాంకు కింద పెట్టొద్దని ఎవరికి తోస్తుంది? ట్యాంకు వెనక అతుకు దగ్గర వెంట్రుకంత పగులు పడింది. కొండ ఎక్కేటప్పుడూ, వాలున నిలిపి గడ్డి నింపేటప్పుడూ డీజిలంతా వెనక్కి చేరి ఆ పగుల్లోంచి కారింది. కారిందంతా పట్టా తాగింది, తాగలేనిది ట్రాలీలో గడ్డి మీద కక్కింది. ఇంటి దగ్గర ట్రాక్టరు మూతి పల్లానికి ఉంటుంది, ట్యాంకులో ఉన్న కాస్త డీజిలూ ముందుకి పోతుంది, పగులుకి తగలదు. అందుకే నేల పొడి. నా పుల్ల మీద తడి కదలకపోవడానికీ కారణం అదే.

"అంటే..." అంది బురుల్‌చా చల్ల తుడుచుకుంటూ. "అంటే తాగింది నా పట్టానా?"

"కడుపు ఉబ్బింది కూడా, చూడు," అన్నాను.

ఒక్క క్షణం ఆమె మొహం ఎటు తిరుగుతుందో తెలియలేదు. తర్వాత పెద్దగా నవ్వడం మొదలెట్టింది. కింద కూర్చుని, తొడలు చరుచుకుంటూ నవ్వింది. నాకూ ఆగలేదు. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. నా మొగుడు దొంగ కాదు. ముసలి ట్యాంకు ముసలిదానిలా కారింది, అంతే.

మా ఆయన నవ్వలేదు, బట్టల సబ్బు తెమ్మన్నాడు. బురుల్‌చా ఇంట్లోంచి గోధుమరంగు సబ్బు ముక్క తెచ్చింది. ఆయన దాన్ని అరచేతిలో నలిపి నలిపి మైనంలా చేసి, పగులు పొడిగా తుడిచి, బొటనవేలితో లోపలికంటా దిగేలా రుద్దాడు. డీజిలుకి సబ్బు కరగదు. అది ఒకటి రెండు రోజులు పట్టి ఉంటుంది, అంతకంటే అడక్కూడదు. ఇంకో డబ్బా పోసి మూతి పైకి పెట్టి నిలిపాం. అరగంట చూశాం. చుక్క లేదు.

ఆ రోజు మిగిలిన ట్రిప్పులూ అయ్యాయి. శుక్రవారం పొద్దున్నే మా గడ్డి మొదలైంది. పిలవకుండానే బురుల్‌చా వచ్చి ట్రాలీ ఎక్కింది, వద్దన్నా వినకుండా మధ్యాహ్నం దాకా తొక్కింది. ఆరో ట్రిప్పు దించాక కూడా డబ్బాలో అడుగున మిగిలింది. నమాజు అయ్యాక ఐదిళ్ళవాళ్ళూ అనుకున్నట్టే కల్మత్ తాత దగ్గర చేరారు. తాత గడ్డం నిమురుకుని, "మనం ఎందుకు కూర్చున్నామో నాకు గుర్తు రావడం లేదు. ఎవరికైనా వస్తోందా?" అన్నాడు. ఎవరికీ రాలేదు. "అయితే టీ పోయండి," అన్నాడు. పాలు పోసేచోట కాదనని వాళ్ళందరూ ఆ రోజు మా ఆయన గిన్నె ఖాళీ కాకుండా చూసుకున్నారు.

శనివారం ట్యాంకు విప్పారు. అది కల్మత్ తాత పని. చిన్నప్పుడు టీ కాచే సమోవార్లకి మాట్లు వేసిన చేయి. డీజిలంతా వంపేసి, చాకలిసోడా వేసిన వేడినీళ్ళతో మూడుసార్లు కడిగించి, మధ్యాహ్నం దాకా గాలికి బోర్లించాడు. ఎవరైనా ఆ దగ్గర సిగరెట్టు వెలిగిస్తే కర్ర విసిరాడు. నిప్పు వాకిలి ఆ చివర, పిడకల మీద. రాగి కడ్డీ అక్కడ కాల్చి ఇక్కడికి మోసుకొచ్చి, నవాసాగరం అద్ది, తగరం కరిగించి, పగులు పొడవునా నెమ్మదిగా గీశాడు. తగరం వెండి తీగలా పరుచుకుంది. బురుల్‌చా మూకుడు పట్టుకుని దూరంగా, చాలా దూరంగా నిలబడింది.

"పొగ వెయ్యొచ్చా తాతా?"

"నేను చచ్చాక వెయ్యి."

సాయంత్రం ట్యాంకు బిగించి నిండా పోసి, ట్రాక్టరుని మా వాకిట్లో మొదటిసారి మూతి పైకి పెట్టి నిలిపారు. ఆ రాత్రి ఊళ్ళోకి మంచు దిగింది. ఐదిళ్ళ గడ్డీ ఇంటికి చేరింది కాబట్టి ఎవరూ తిట్టుకోలేదు. ఆదివారం పొద్దున్నే అందరూ వచ్చారు. ట్యాంకు కింద తెల్లటి మంచు, మీద ఒక్క మరక లేదు.

"కింద పడకపోతే సరిపోదు," అన్నాడు కల్మత్ తాత. "లోపల తగ్గిందో లేదో చూడాలి."

మా ఆయన పిడకల గుట్ట వెనక్కి నడిచాడు. నా పుల్ల దాచింది అక్కడే. పొడవాటి పుల్ల పట్టుకుని వచ్చాడు, తొక్క ఒలిచిన విల్లో పుల్ల. పైన కొత్త గంటు ఒకటి పెట్టి ఉంది, నిన్న సాయంత్రం ఆయన పెట్టుకున్నదన్నమాట. దాన్ని ట్యాంకులో దింపి పైకి తీశాడు. తడి సరిగ్గా గంటు దగ్గర ఆగింది.

"అయిపోయింది!" అని అరిచింది బురుల్‌చా. జిపార్ చప్పట్లు కొట్టింది. తాత పుల్ల అందుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. కొత్త గంటు కింద పాత గంట్లు రెండున్నాయి. కూరగాయల కత్తి గంట్లు, వంకరగా.

"భలేవాడివిరా తెమిర్‌కుల్," అన్నాడు తాత. "ఊరంతా నోటితో కొలుస్తుంటే నువ్వు పుల్ల పెట్టి కొలిచావు. ముందే చూపిస్తే ఇంత రభస ఉండేది కాదుగా."

మా ఆయన పుల్ల తీసుకుని మంచులో తుడిచాడు.

"కింది గంట్లు నావి కాదు తాతా. నేను అమ్ముకుంటున్నానేమోనని మా ఇంటిది పెట్టింది."